చెమటకు దారి యిచ్చిన వస్త్రము

ఉత్తరధ్రువమునకు చేరువనున్న దేశములలో మనుష్యుని బాధించునది చలియే యని మనబోటి ఉష్ణదేశీయులు తలచుట సహజము. కాని ఆ దేశములందు పుట్టి, ఆ మంచులోనే నడచి, ఆ మంచులోనే పనిచేసి బ్రదుకుచున్నవారి నడిగినచో, వారు చలికంటె తడికి హెచ్చుగా భయపడుదురని తెలియును. ఆ తడిలోను, ఆకాశమునుండి కురియునది, సముద్రమునుండి ఎగసిపడునది అటుంచి, తమ దేహమునుండియే పుట్టి, తమ వస్త్రములలోనే దాగి, తాము నిలిచిన క్షణమున తమపైకే తిరుగబడు చెమట వారికి పరమశత్రువు. నార్వేదేశపు హెల్లీ హాన్‌సెన్ అను వస్త్రసంస్థ చరిత్రమును ఈ అధ్యాయమునకు ఎన్నుకొనుటకు కారణమిదియే. నూటయేబది సంవత్సరములకు చేరువగుచున్న ఆ చరిత్రములో తొలిభాగమెల్ల వెలుపలి నీటిని లోనికి రానీయకుండుటకును, మలిభాగమెల్ల లోపలి నీటిని వెలుపలికి సాగనంపుటకును జరిగిన ప్రయత్నమే గనుక, వస్త్రశాస్త్రములోని ఒక గొప్ప సమస్య తన పూర్వపక్ష సిద్ధాంతములతో సహా అందు గోచరించుచున్నది.

ఆ సమస్య ఎంత దారుణమైనదో ఒక యాత్రికుని అనుభవము చెప్పగలదు. 1895వ సంవత్సరము మార్చి 14వ తేదీన, శాస్త్రజ్ఞుడును సాహసయాత్రికుడును నగు ఫ్రిత్యోఫ్ నాన్‌సెన్, యాల్మర్ యోహాన్‌సెన్ అను ఒక్క సహచరునితో, మంచుగడ్డల నడుమ చిక్కుకొని ప్రవాహముతో పాటు మెల్లగా కదలుచున్న ‘ఫ్రామ్’ నౌకను విడిచి, కుక్కలు లాగు మంచుబండ్లతో ధ్రువమువైపు బయలుదేరెను. తోడేలు చర్మముతో కుట్టిన దుస్తులు వారికి లేకపోలేదు. అవి తొడిగి నడచినచో దేహము విపరీతముగా చెమర్చుచున్నదని గ్రహించి, వానిని ఓడలోనే విడిచి, ఉన్నివస్త్రములతో పయనించిరి. అయినను చెమట వారిని విడువలేదు. ఉష్ణమానము సున్నకు దిగువ 40 డిగ్రీల సెంటిగ్రేడునకు పడిపోయిన ఆ దినములలో, పగలెల్ల బండ్లను లాగుచు, ఎత్తుపల్లములపై ఎత్తుచు, దించుచు నడచునప్పుడు దేహమునుండి వెలువడిన ఆవిరి పైదుస్తులలో చేరి గడ్డకట్టగా, సాయంకాలమునకు ఆ దుస్తులు ఇనుపకవచములై బిగిసి, కదలినప్పుడెల్ల పటపట చప్పుడు చేయుచుండెను. చొక్కాయి చేతి అంచు మంచుగట్టి మణికట్టును ఒరసి ఒరసి లోతైన పుండు చేసెను. ఆ పుండునకు చలి సోకి ఇంచుమించు ఎముకవరకు పోయెను. దాని మచ్చ తనకు బ్రదికినంతకాలము మిగులునని నాన్‌సెన్ తన యాత్రాగ్రంథమున వ్రాసికొనెను. రాత్రి ఇరువురును ఒకే నిద్రసంచిలో దూరి, తమ దేహపు వేడితోనే ఆ మంచును కరిగించుకొనుచు, పండ్లు పటపటలాడ చాలసేపు వణకి, అటుపిమ్మట ఆ తడిగుడ్డలతోనే నిద్రించెడివారు; తెల్లవారి గుడారము వెడలిన కొలదిసేపటికే అవి మరల శిలలగుచుండెను. ఏప్రిలు నెలలో వారు 86 డిగ్రీల 14 నిమిషముల ఉత్తరాక్షాంశమువరకు పోయిరి. అంతకుముందు ఏ మానవుడును అంత ఉత్తరమునకు పోయియుండలేదు. వానచినుకైన రాలని ఆ చలిలో వారిని తడిపిన నీరంతయు వారి దేహములలోని నీరే.

ఇట్లు జరుగుటకు కారణము వెదకవలెనన్న దేహధర్మమును, ఉష్ణధర్మమును కలిపి విచారింపవలయును. విశ్రాంతిగా కూర్చున్న మనుష్యుని దేహము సుమారు 100 వాట్ల వేడిని వెలువరించుచుండును. అతడే మంచుపై స్కీలతో వేగముగా ఎగువకు సాగునప్పుడు, కండరములు తాము వ్యయపరచు శక్తిలో నాల్గవవంతునకు మించి పనిగా మార్చలేవు గనుక, మిగిలినదంతయు వేడియై, దృఢకాయుడైన క్రీడాకారునిలో అది విశ్రాంతికాలపు వేడికి పదిరెట్లగుటయు కలదు. ఆ వేడిని వదలించుకొనుటకు దేహమునకు ప్రకృతి యిచ్చిన సాధనము చెమట. ఒక గ్రాము చెమట ఆవిరి యగునప్పుడు చర్మమునుండి సుమారు 580 కెలోరీల వేడిని గ్రహించును. వేసవిలో వట్టివేళ్ళ తడికెలపై నీరు చల్లి మన పెద్దలు ఇల్లు చల్లబరచుకొనినది ఈ సూత్రముచేతనే. నడచుచున్నంతసేపు ఇది దేహమునకు పరమోపకారి. నిలిచినప్పుడే చిక్కు వచ్చును. తడిసిన నూలు బనీనులో పావుకిలో నీరు మిగిలినదనుకొందము. అది పూర్తిగా ఆరుటకు 145 కిలోకెలోరీల వేడి కావలయును. విశ్రాంతిగానున్న దేహము గంటకు పుట్టించునది 80, 90 కిలోకెలోరీలు మాత్రమే. అనగా గంటన్నరకు పైబడి దేహము పుట్టించు వేడినంతను ఆ ఒక్క బనీను మ్రింగివేయగలదు. అంతియే గాదు. నిశ్చలమైన గాలికంటె నీరు సుమారు 25 రెట్లు హెచ్చుగా వేడిని ప్రసరింపజేయును. వస్త్రము మనకు వెచ్చదనము నిచ్చుట దాని పోగులవలన గాక ఆ పోగుల సందులలో నిలిచిన గాలివలన గనుక, ఆ సందులను నీరు ఆక్రమించినంతనే వస్త్రము తన ధర్మమును కోల్పోవును.

ఇక్కడ మరియొక విశేషము కలదు. మచిలీపట్టణములోనో కాకినాడలోనో వైశాఖమాసపు ఉక్కలో చెమట ఆరకపోవుట మనకందరకు తెలిసినదే. గాలిలో అప్పటికే తేమ నిండియుండుటచేత, చర్మము మీది ఆవిరికి పోవుటకు చోటు చాలదు. చలిదేశమున దీనికి విపరీతము. 34 డిగ్రీల వేడిగల తడిచర్మముపై ఆవిరిపీడనము ఇంచుమించు 40 మిల్లీమీటర్లుండగా, సున్నకు దిగువ 10 డిగ్రీల చలిగాలిలో అది 2 మిల్లీమీటర్లకు మించదు. కావున ఆవిరి చర్మమును విడిచి వెలుపలికి పరుగెత్తుటకు అక్కడ ప్రేరణ మిక్కుటము. కాని చర్మమునకును బయటిగాలికిని నడుమనున్న వస్త్రములలో ఎక్కడనో ఒకచోట ఉష్ణమానము మంచుబిందువునకు దిగజారును. ఆవిరి అక్కడనే ఆగి, నీరై, ఆ నీరు మంచై కూర్చుండును. నాన్‌సెన్ పైదుస్తులను కవచముగా మార్చినది ఈ ప్రక్రియయే. ఆవిరి ఎక్కడ ఆగవలెనో, ఎక్కడ ఆగరాదో నిర్ణయించుటయే చలిదేశపు వస్త్రనిర్మాణములోని రహస్యమంతయు.

ఆ యాత్రకు పదునెనిమిది సంవత్సరములకు పూర్వము, అనగా 1877లో, నేడు ఓస్లో అని పిలువబడు రాజధానికి దక్షిణమున, అఖాతపు తూర్పుతీరమునందలి మోస్ అను రేవుపట్టణములో, హెల్లీ యూల్ హాన్‌సెన్ అను నౌకాధిపతి తన భార్య మారెన్ మార్గరెథెతో కలిసి ఒక చిన్న వ్యాపారము నారంభించెను. ఉత్తరసముద్రపు గాలివానలో ఓడపై నిలిచి, తడిసి, వణకి, ఆ బాధను స్వయముగా నెరిగినవాడాయన. ముతక నారవస్త్రమును అవిసెనూనెలో నానబెట్టి, ఆరవేసి, దానితో కోటులు, లాగులు, వెనుకవైపు అంచు దిగిన నావికుల టోపీలు, సరకులపై కప్పు పరదాలు తయారుచేసి అమ్మిరి. నూనెగుడ్డ లోకమునకు క్రొత్త గాదు. ఇతర దేశముల నావికులును తెరచాపగుడ్డకు నూనె పూసి కట్టుకొనుచుండిరి. నావికుని అనుభవమును కుట్టుపనిలో చూపి, ఒకే నాణ్యముగల సరకును పెద్దయెత్తున తీయుట హాన్‌సెన్ దంపతుల విశేషము. మరుసటి యేడు పారిస్ మహాప్రదర్శనములో వారి వస్తువులకు గుర్తింపు లభించెను. మొదటి అయిదేండ్లలో సుమారు 10,000 వస్త్రములు అమ్ముడుపోయెను.

అవిసెనూనె వస్త్రమును రక్షించు విధానము రసాయనశాస్త్రమున మిక్కిలి రమ్యమైన విషయము. నువ్వులనూనెను, కొబ్బరినూనెను గుడ్డపై పోసినచో అది ఎన్నిదినములున్నను జిడ్డుగానే యుండును. అవిసెనూనె యట్లుగాదు, అది ఆరును. ఆరుట యనగా నీటివలె ఆవిరియై పోవుట గాదు. ఆ నూనెలో విశేషముగా నున్న లినొలెనిక్ ఆమ్లపు అణువునందు మూడేసి ద్విబంధములున్నవి. గాలిలోని ప్రాణవాయువు ఆ బంధములను తాకి, ఒక అణువును మరియొక అణువుతో ముడివేయుచు పోవగా, ద్రవముగా నుండిన నూనె కొన్ని దినములలో సాగుచు వంగుచునుండు ఒక గట్టిపొరగా మారును. చిత్రకారులు తైలవర్ణములలో దీనినే వాడుదురు. ఈ చర్యలో వేడి పుట్టును గనుక, అవిసెనూనెలో నానిన గుడ్డలను కుప్పగా వేసినచో అవి తమంత తాము రాజుకొని అంటుకొనుటయు కలదు. పలుచగా పరచి ఆరవేయుట అందులకే. ఇట్లు పొర గట్టిన గుడ్డ వానచినుకును, కెరటపు తుంపరను లోనికి రానీయదు.

కాని ఆ పొర రెండువైపులను మూసివేసినది. సముద్రపునీటిని ఆపిన తలుపే చెమటనుకూడ ఆపెను. వలలాగు జాలరి ఆ నూనెకోటులో గంటసేపు శ్రమించినచో, వెలుపలినుండి ఒక్కచుక్కయు రాకున్నను లోపల ఉన్నిచొక్కాయి తడిసి ముద్దయగుచుండెను. జాలరికి అది సహింపదగిన కష్టమే. ఉప్పునీటిలో నిలువెల్ల తడియుటకంటె తన చెమటలో తడియుట మేలు. 1949లో ఇదే సంస్థ ‘హెలాక్స్’ అను పేర, పలుచని ప్లాస్టిక్కు పొరతో కుట్టిన వానకోటులను విడుదల చేసినప్పుడును ఈ దోషము తొలగలేదు. అవి నెలకు 30,000 చొప్పున తయారై అమ్ముడుపోయెను; నూనెగుడ్డ బరువును, జిగటను, వాసనను వదలించినందుకు ప్రజలు సంతోషించిరి; చెమట మాట అప్పటికి ఎవరును తలపెట్టలేదు.

వారు తలపెట్టకపోయినను, అదే దేశమున ఒక సైనికాధికారి అంతకు పదునారేండ్లకు ముందే తలపెట్టియుండెను. 1933లో హెన్రిక్ బ్రూన్ అను ఆ నార్వే సేనాని పాత చేపలవలలను తీసికొని, వానితో లోదుస్తు కుట్టించెను. వేలు దూరునంతటి కన్నములు తప్ప వస్త్రమన్నది అరుదుగా కనబడు ఆ బనీనును చూచినవాడెవడైనను, చలికి ఇది ఏమి ఆపునని అడుగకమానడు. బ్రూన్ యోచన సరిగా ఆ ప్రశ్నలోనే యున్నది. వల దారము పైవస్త్రమును చర్మమునకు తగులనీయక కొంచెము ఎడముగా నిలుపును. ప్రతి కన్నమును ఒక చిన్న గాలిగదియై, పైన మూతవలె మరియొక వస్త్రమున్నంతకాలము ఆ గాలి కదలక వేడిని కాపాడును. సైనికుడు మూటమోసి కొండ యెక్కునప్పుడు మెడదగ్గర గుండీ విప్పినచో ఆ గదులలోని వెచ్చని తేమగాలి పైకి లేచి వెడలిపోవును. నిలిచినప్పుడు గుండీ బిగించినచో మరల వెచ్చదనము. చర్మమునకు తడిగుడ్డ అంటుకొనుట యన్న సమస్యయే లేదు, ఏలనన అంటుకొనుటకు గుడ్డయే తక్కువ. బ్రూన్ ఆలోచనను నాటినుండి నేటివరకు నిలిపినది 1887లో స్థాపితమైన బ్రినియె అను మరియొక నార్వే సంస్థ. 1953లో ఎవరెస్టు నెక్కిన బృందమువారి సామగ్రిలోను వలబనీనులుండెను. వస్త్రమును చేర్చుటచేత గాక తీసివేయుటచేత వెచ్చదనమును సాధించిన ఈ యుక్తికంటె చక్కని యుక్తి ఈ చరిత్రమంతటిలో నాకు కనబడలేదు.

హెల్లీ హాన్‌సెన్ సంస్థ చెమటవైపు దృష్టి మరల్చినది 1961లో. అడవులలో చెట్లు కొట్టు కూలీలు వారికి గురువులైరి. గొడ్డలితో, రంపముతో పనిచేయువాడు అయిదు నిమిషములు మిక్కిలి చెమర్చి, తరువాతి అయిదు నిమిషములు నిలిచి వణకును. వానికి బరువైన ఉన్నికోటు పనికి అడ్డము, పలుచని చొక్కాయి చలికి చాలదు. అట్టివారికొరకు సంస్థ కృత్రిమతంతువులతో, ఒకవైపు బొచ్చువలె లేచియుండు వస్త్రమును తీసెను. గొఱ్ఱెచర్మమునందలి ఉన్నివలె అది తన బొచ్చులో గాలిని నిలుపును. కాని ఆ తంతువు నీటిని త్రాగదు గనుక, తడిసినను విదలించినంతనే చాలభాగము రాలిపోయి త్వరగా ఆరును. నేడు ప్రపంచమంతటను, మన పట్టణములలోను చలికాలమున జనులు తొడుగుచున్న ‘ఫ్లీసు’ జాకెట్లు ఈ జాతికి చెందినవే.

మధ్యపొర సిద్ధమైనది, చర్మమునకు తగులు పొర మిగిలినది. దానికి కావలసిన పదార్థము ఇటలీనుండి వచ్చెను. 1954లో మిలాను నగరమున జూలియో నట్టా అను రసాయనశాస్త్రజ్ఞుడు, జర్మనీకి చెందిన కార్ల్ జీగ్లర్ కనుగొనిన ఉత్ప్రేరకముల సాయమున, పెట్రోలియపు శుద్ధిలో లభించు ప్రొపిలీను అను వాయువు అణువులను క్రమబద్ధముగా గొలుసుకట్టించి, పాలీప్రొపిలీను అను గట్టి ప్లాస్టిక్కును సాధించెను. ఇందులకు 1963లో ఇరువురకును నోబెలు బహుమానము లభించెను. ఈ పదార్థము తెలుగు రైతునకు అపరిచితము గాదు. గోనెసంచుల స్థానమున నేడు బియ్యమునకును, ఎరువులకును, సిమెంటునకును వాడుచున్న తెల్లని నేతసంచులు పాలీప్రొపిలీనువే. బాడుగబండిపై వానలో తడిసిన ఆ సంచి పోగును చేతబట్టి చూచినచో, నీరు దానిపై జారిపోవునే గాని పోగులోనికి ఇంకినట్లు కనబడదు. సంచికి అది సామాన్యగుణము. చర్మమునకు తగులు వస్త్రమునకు అది అపూర్వగుణము.

ప్రత్తిపోగు సెల్యులోజుతో నిర్మితమై, తన అణువులపొడవునను నీటిని ప్రేమించు హైడ్రాక్సిలు సమూహములను ధరించియుండును. సాధారణపు గాలిలోనే అది తన బరువులో నూటికి 7, 8 వంతుల తేమను పట్టియుంచును, నీటిలో ముంచినచో తన బరువునకు మించిన నీటిని మోయును. ఉన్ని ఇంకను ఎక్కువగా, నూటికి 16 వంతులవరకు గాలిలోని తేమను లోలోన దాచుకొనును. అయినను దాని ముడతలు తడిలోను చదునుగాక గాలిని నిలుపుకొనుటచేత, తడియున్ని తడినూలుకంటె మేలని నార్వేవారు తరతరములుగా ఎరుగుదురు. పాలీప్రొపిలీనునందు కర్బనము, ఉదజని తప్ప వేరుమూలకము లేదు. నీటి నాకర్షించు స్థానము ఒక్కటియు లేదు. అది గ్రహించు తేమ నూటికి పదియవవంతైనను ఉండదు. 1970వ దశకపు తొలినాళ్ళలో హెల్లీ హాన్‌సెన్ సంస్థ ఈ తంతువుతో అల్లిన పలుచని లోదుస్తులను ‘లీఫా’ యను పేర విడుదల చేసెను.

ఇక్కడ ఒక సందేహమునకు సమాధానము చెప్పుకొనవలయును. నీటిని ద్వేషించు పోగు చెమటను పీల్చి వెలుపలికి పంపునని ప్రకటనలలో చదువుచుందుము. ద్వేషించునది పీల్చుట ఎట్లు? నిజమునకు అది పీల్చదు. శుద్ధమైన పాలీప్రొపిలీను బట్టపై ఒక చుక్క నీరు వేసినచో, అది వ్యాపింపక గుండ్రముగా నిలుచును. అల్లికలోని సందులగుండ ఆవిరి నిరాటంకముగా వెడలిపోవుట మొదటి మార్గము. ఆవిరిగా పోక ద్రవముగా మిగిలిన చెమట, దేహపు కదలికచేతను ఒత్తిడిచేతను ఆ సందులలోనికి నెట్టబడి, పైనున్న వస్త్రము నీటిని ప్రేమించునదైనచో దానిచే లాగికొనబడుట రెండవ మార్గము. పోగు తాను ఏమియు దాచుకొనదు గనుక చర్మమునకు తగులు పొర ఆరియుండును. తడి ఒకపొర వెలుపలికి జరుగును. ఆ ఒక్క పొర దూరమే ప్రాణప్రదమైనది. ఏలనన నీరు చర్మమునుండి విడివడి దూరమునకు జరిగినకొలది, అది ఆవిరియగుటకు కావలసిన వేడిని చర్మము ఒక్కటియే ఇయ్యనక్కరలేదు. దీనినిబట్టి లోదుస్తు ఒంటరిగా పనిచేయజాలదని, పైన ఉన్నియో బొచ్చువస్త్రమో యుండవలెనని, దానిపైన గాలిని వానను ఆపు పొర యుండవలెనని స్పష్టమగుచున్నది. చర్మపుపొర తేమను సాగనంపును, నడిమిపొర వేడిని నిలుపును, పైపొర గాలివానలను ఆపును. నేడు పర్వతారోహణ శిక్షణలలో మొదటిపాఠముగా చెప్పు మూడుపొరల సిద్ధాంతమిదియే. అనేక సంస్థలు దీనిని తమ సొత్తని చెప్పుకొనుచున్నవి. అది ఏ ఒక్కరిదియు గాదు, స్కాండినేవియా దేశములలో జాలరులు, కూలీలు, సైనికులు, క్రీడాకారులు కలిసి నేర్చిన పాఠము.

క్రీడాకారుల మాట వచ్చినది గనుక వారి కష్టమును కొంత చెప్పవలయును. నార్వేలో రేనా పట్టణమునుండి లిల్లెహామర్ వరకు పర్వతములమీదుగా 54 కిలోమీటర్ల స్కీ పందెము 1932నుండి జరుగుచున్నది. 1206లో అంతర్యుద్ధకాలమున ఇరువురు యోధులు పసిబిడ్డయైన రాజకుమారుని ఎత్తుకొని మంచుకొండలు దాటి రక్షించిన ఘట్టమునకు స్మారకముగా, ఈ ‘బిర్కెబైనర్’ పందెములో ప్రతివాడును 3.5 కిలోగ్రాముల మూటను వీపున మోయవలయును. లోయలో గాలిలేదు, ఎండ కాయును. శిఖరముపై గాలి ఈలవేయును. ఎగువకు ఎక్కునప్పుడు చెమట ధారలు కట్టును. దిగువకు జారునప్పుడు కండరములకు పనిలేక వేడి తగ్గి, ఎదురుగాలి మాత్రము పదిరెట్లు తగులును. మూట అదిమియుంచిన వీపుభాగమున ఆవిరికి దారిలేక అక్కడ చొక్కాయి ముందుగా తడియును. వస్త్రము మంచిదో చెడ్డదో తేలుటకు ఇంతకంటె కఠినమైన పరీక్షాగారము లేదు. కావుననే ఈ ప్రాంతమునందే అట్టి సంస్థలు వరుసగా పుట్టినవి. ఓద్ రూఅర్ లోఫ్టెరోద్ 1946లో నార్వేలో స్థాపించిన ‘ఓద్లో’ సంస్థ, ఉన్నిలాగులు తొడిగి పరుగెత్తుచుండిన స్కీ క్రీడాకారులకు 1960వ దశకమున సాగు నైలానుతో ఒంటికంటు దుస్తులను పరిచయము చేసెను. స్వీడన్‌లో వస్త్రపరిశ్రమకు పేరొందిన బూరోస్ పట్టణప్రాంతమున 1970వ దశకమున పుట్టిన ‘క్రాఫ్ట్’ సంస్థ చెమటను సాగనంపు లోదుస్తునే తన మూలధనముగా చేసికొనెను.

లీఫాకు దోషములు లేకపోలేదు. ఉన్నవి ఉన్నట్లు చెప్పుటయే శాస్త్రమునకు మర్యాద. నీటిని ద్వేషించు తంతువు నూనెను ప్రేమించును. చెమటలోని కొవ్వుపదార్థములు దానినంటి పట్టుకొని, సామాన్యపు చాకిరేవునకు లొంగక, సూక్ష్మజీవులకు ఆహారమై, రెండుమూడు దినముల వాడుకకే దుర్భరమైన వాసన కలిగించును. పాలీప్రొపిలీను లోదుస్తులు ధరించి గుడిసెలో ఒక్కచోట నిద్రించిన పర్వతారోహకులందరకు ఈ సంగతి బాగుగా తెలియును. రెండవ దోషము ప్రమాదకరమైనది: అది సుమారు 165 డిగ్రీల వేడికి కరుగును. పొయ్యిదగ్గర ఆరవేసినను ముడుచుకొనిపోవును. మంటలలో చిక్కినవాని దేహముపై కరిగి అంటుకొనును. అగ్నిమాపకదళములవారు, సైనికులు కరుగు వస్త్రములను చర్మముపై ధరింపరాదని నియమించుకొనుట ఇందువలననే. ఉన్నికి ఈ రెండు దోషములును లేవు. అది వాసనను సహించును, మంటను సులభముగా అందుకొనదు. చివరకు సంస్థవారు లోపలివైపు లీఫా, వెలుపలివైపు మెరినో ఉన్ని ఉండునట్లు రెండింటిని ఒకే వస్త్రముగా అల్లిరి. సాగనంపునది లోపల, స్వీకరించునది వెలుపల. నాన్‌సెన్ కాలపు ఉన్ని ఇట్లు తన స్థానమునకు తిరిగివచ్చినది. ఒక్క పొర మాత్రము చర్మమునకు దూరముగా జరిగినది.

మరియొక గుణము నేతగాండ్రకును అద్దకపువారికిని ఆసక్తి కలిగించును. నీరు చొరని పోగులోనికి నీటిలో కలిపిన రంగును చొరదు. కావున పాలీప్రొపిలీనును తొట్టిలో ముంచి అద్దుట సాధ్యముగాదు. పదార్థము కరిగియున్నప్పుడే రంగుపొడిని కలిపి పోగు తీయవలయును. దీనివలన అద్దకపు మురుగునీరు లేకపోవుట పెద్దలాభము. కాని పోగు నేలలో క్రుళ్ళదు. ఉతికినప్పుడెల్ల సూక్ష్మమైన తునకలు రాలి కాలువలలోనికి, సముద్రములోనికి చేరును. సముద్రమునుండి మనుష్యుని రక్షించుటకు పుట్టిన సంస్థకు ఈ విషయమున ఇతరులకంటె ఎక్కువ బాధ్యత కలదని నా నమ్మకము.

పైపొర విషయము క్లుప్తముగా ముగింతును. 1969లో అమెరికాలో బాబ్ గోర్ టెఫ్లాను పదార్థమును ఒక్కపెట్టున సాగదీసి, నీటిచుక్క దూరలేనంత చిన్నవియు ఆవిరి దూరగలిగినంత పెద్దవియు నగు రంధ్రములుగల పొరను సాధించెను. 1980వ దశకమున హెల్లీ హాన్‌సెన్ సంస్థ తనదైన ‘హెల్లీ టెక్’ పూతను వాడుకలోనికి తెచ్చెను. నూనెకోటు మూసిన తలుపు ఇట్లు సగము తెరువబడెను. సగమే, ఏలనన శ్రమించువాడు గంటకు లీటరు చెమట విడువగలడు, అంత తేమను సాగనంపగల వానకోటు ఇంతవరకు లేదు. ఇటీవల, నీటిని జార్చుటకు పూయు ఫ్లోరిను రసాయనములు నేలలో, నీటిలో నశింపక నిలిచిపోవుచున్నవని తేలినపిమ్మట, పూత యక్కరలేకయే స్వభావముచే నీటిని వికర్షించు పాలీప్రొపిలీనుతోనే పైకోటునుకూడ తీయుటకు సంస్థవారు పూనుకొనిరి. చర్మమును అంటియుండిన పదార్థము యాబదేండ్లకు పైకోటు స్థానమునకు వచ్చినది.

హాన్‌సెన్ దంపతుల సంస్థ నేడు వారి వంశమువారిది గాదు. 2018లో కెనడాదేశపు ఒక పెద్ద వర్తకసంస్థ దానిని కొనెను. 2025లో అది అమెరికాలోని కొంటూర్ బ్రాండ్స్ చేతికి మారినది. యాజమాన్యము ఏ దేశమున నున్నను, చెమటకును చలికిని గల సంబంధము మారదు.

ఇప్పుడు మన తెలుగుబిడ్డలు వేలకొలది చలిదేశములకు చదువులకును ఉద్యోగములకును పోవుచున్నారు. హిమాలయయాత్రలకు పోవువారును పెరుగుచున్నారు. వారిలో పలువురు వెలగల కోటు కొని, దానిలోపల ఇంటినుండి తెచ్చిన నూలు బనీనునే తొడుగుచున్నారు. వారికి నేను చెప్పునది ఇంతియే: ధనము తక్కువైనచో కోటులో తగ్గించుకొనుడు గాని చర్మమునకు తగులు పొరలో తగ్గించుకొనకుడు; అది నూలు కాకుండ, పలుచని ఉన్నియో నీటిని త్రాగని తంతువో అగునట్లు చూచుకొనుడు. మంచులో నడక మొదలుపెట్టునప్పుడు కొంచెము చలి వేయుచున్నను ఒక పొర తక్కువగానే తొడిగి బయలుదేరుడు. చెమట పట్టకముందే గుండీ విప్పుడు. నిలిచినంతనే, వణకు రాకముందే, సంచిలోని పొడిచొక్కాయి మార్చుకొనుడు.